నూరువరహాల మొక్క: సున్నముతో వైరము

షోడశోపచారములలో పుష్పసమర్పణ మొకటి. అంగడిలో కొన్న పూలకంటె, పెరటిలో నీరుపోసి పెంచిన పువ్వును స్వామి పాదములచెంత నుంచుటలో గృహస్థునకు గల తృప్తి వేరు. స్థలము తక్కువగా నున్న ఇండ్లకు నూరువరహాల మొక్క మిక్కిలి అనుకూలము. ఇందలి పొట్టి రకములు రెండుమూడడుగులకు మించక గుబురుగా పెరిగి, ఎరుపు, పసుపు, నారింజ, గులాబి రంగులలో గుత్తులు గుత్తులుగా పూయును.

వరహా యనగా పూర్వము చెల్లుబడిలో నుండిన బంగారు నాణెము. నాలుగేసి రేకుల చిన్నపూలు గుమిగూడిన గుత్తిని మన పెద్దలు నూరు వరహాలుగా లెక్కకట్టిరి కాబోలు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ‘ఇక్సోరా’ అందురు. 1753లో లిన్నేయస్ తన గ్రంథమున చేర్చిన ఈ నామము మన ఈశ్వరశబ్దమే. పోర్చుగీసువారి వ్రాతలో ‘ఎక్స్’ అక్షరమునకు షకారధ్వని కలదు. ఆ వ్రాతయే లాటినులోనికి పోవుటచే ఈశ్వరుడు ఇక్సోరా అయ్యెను. వ్యాకరణము చదివిన నావంటివారికి ఇదొక వినోదము. కేరళ దేవాలయములలో ఈ పువ్వు ‘తెచ్చి’ యను పేర నేటికిని అర్చనకు వచ్చుచున్నది.

ఉద్యోగవిరమణానంతరము నేనును ఒక మొక్కను తెచ్చి ప్రహరీగోడ మూలను నాటితిని. ఆరుమాసములు గడువకముందే లేతాకులు పసుపుబారెను. ఈనెలు మాత్రము పచ్చగానే యుండెను. నీరు చాలలేదని బోరునీరు మరింత పోసితిని. పిమ్మట, పవిత్రమైనది గదా యని, హోమభస్మమును దోసెడు మొదట చల్లితిని. మొక్క మరింత క్షీణించెను. అమ్మినవానిని నిందించితిని కూడ.

వ్యవసాయము చదివిన నా పూర్వశిష్యు డొకడు వచ్చి చూచి నవ్వినాడు. ఆ మూలనే తాపీపనివారు సున్నము, సిమెంటు కలిపిరట. ఈ మొక్కకు కొంచెము ఆమ్లగుణము గల నేల కావలెను. సున్నమున్నచోట మట్టిలో ఇనుము ఉన్నను వేరునకు అందదు. బోరునీటి ఉప్పదనము, బూడిద క్షారము ఆ దోషమును పెంచునవే. అనగా నేను చేసిన ఉపచారములన్నియు అపచారములే!

గోడకు దూరముగా, ఎర్రమట్టి, చివికిన పశువులఎరువు, ఆకుమన్ను కలిపిన తొట్టిలోనికి మొక్కను మార్చితిమి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కరగించి, సాయంవేళ ఆకులపై చల్లి, వారము తరువాత మరల చల్లితిమి. వానకాలమున పట్టిన నీరు దొరికినంతవరకు పోసితిమి. క్రొత్త చిగుళ్లు పచ్చగా వచ్చెను.

పూలు మాత్రము రాలేదు. కత్తెర పెట్టుటకు నా మనస్సు ఒప్పకపోవుటయే కారణము. ఈ మొక్క క్రొత్తకొమ్మల కొనలయందే పూయును. కనుక పూత ముగిసిన గుత్తులను క్రింది రెండుమూడు ఆకులతోకూడ కత్తిరింపవలెను. రోజునకు అయిదారు గంటలు ఎండయు తగులవలెను. వానకాలమున జానెడు ముదురుకొమ్మను త్రుంచి నీడలో నాటినచో వేరూనును.

హోమభస్మమును ఇప్పుడు అరటిచెట్టు మొదట వేయుచున్నాను.