అరిగిపోయిన రంపం బ్లేడుతో కలుపు తీసే పనిముట్టు



మనం గడ్డి మందు కొట్టం కాబట్టి కూలి ఖర్చులో ఎక్కువ భాగం కలుపు దగ్గరే పోతుంది. కూరగాయల మళ్ళలో నిలబడి కలుపు తీయడానికి నేను వాడేది పాత రంపం బ్లేడుతో చేసిన పనిముట్టు. తయారీ వీడియోలో చూపించాను. కొలతలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను.

పళ్ళు అరిగాక ఆ బ్లేడు కోతకు పనికిరాదు. కానీ అరిగింది పళ్ళే, ఉక్కు కాదు.

ఏ బ్లేడు తీసుకోవాలి?

ఫర్నిచర్ షాపుల్లో బ్యాండ్ సా మిషన్‌కి రిబ్బన్ లాంటి బ్లేడు ఉంటుంది. అంగుళం వెడల్పున్నది అడగండి. ముందు చిన్న ముక్క వంచి చూడండి. స్ప్రింగులా వెనక్కి వస్తే మంచిది, పుటుక్కున విరిగితే వద్దు. చేతి హ్యాక్సా బ్లేడు దీనికి సరిపోదు. దాని ముక్కకి సైకిల్ ట్యూబు చుట్టుకుంటే డ్రిప్ పైపులు, పురికొస కోసుకోవచ్చు.

ఎలా చేయాలి?

1. అడుగున్నర ముక్క కోసి, పళ్ళన్నీ గ్రైండర్‌తో తీసేయండి.
2. రెండు చివర్లా రెండేసి రంధ్రాలు వేయండి.
3. ఉంగరంలా గుండ్రంగా వంచి, రెండు చివరలూ నాలుగడుగుల కర్రకి చెరోవైపు పెట్టి బోల్టులు బిగించండి. ఒక్క బోల్టయితే తిరిగిపోతుంది.
4. మన వైపు ఉండే అంచుని ఆకురాయితో సానబట్టండి.

జాగ్రత్తలు

చుట్టిన బ్లేడు విప్పేటప్పుడు ఎగిరి తగులుతుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. గ్రైండింగ్‌లో ఉక్కు నీలం రంగు తిరిగిందంటే ఆ చోట గట్టిదనం తగ్గినట్టే, అంచు త్వరగా మొద్దుబారుతుంది. అందుకే కొంచెం కొంచెంగా పట్టి, చేతికి వేడి తగలగానే ఆపండి. కార్బైడ్ ముక్కలు అతికించిన గుండ్రటి బ్లేడ్లని గ్రైండ్ చేయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఎలా వాడాలి?

కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే లాగాలి. అంచు అంగుళం లోపే పోవాలి. లోతుగా తవ్వితే కింద ఉన్న కలుపు గింజలు పైకొచ్చి మళ్ళీ మొలుస్తాయి. ఎండ ఉన్న రోజు పొద్దున్నే చేస్తే తెగిన మొక్కలు సాయంత్రానికి వాడిపోతాయి, వాటిని అక్కడే ఆచ్ఛాదనగా వదిలేయండి. నేల తడిగా ఉంటే మాత్రం ఆగండి, తెగినవి మళ్ళీ వేళ్ళూనుతాయి.

తుంగ, గరిక దీనితో ఒక్కసారికి పోవు. కింద గడ్డలు, వేర్లు ఉంటాయి కాబట్టి మళ్ళీ చిగురిస్తాయి. చిగురు కనబడ్డప్పుడల్లా కోస్తూ పోతే బలహీనపడతాయి. మిగతా కలుపుకి, పూత రాకముందే లాగితే, ఈ పాత బ్లేడు చాలు. పని అయ్యాక మట్టి తుడిచి, కాస్త నూనె రాసి పెట్టండి.