ఆ ఖాళీ చోటు ఎవరిది?

చి. మేఘనకు,



నువ్వు వేసి పంపిన ఎక్స్‌మెన్ జట్టు చేరింది. ఏడుగురిని నిలబెట్టి ఎనిమిదో చోటు ఖాళీగా వదిలావు. పెద్దగా పేరు లేని వీరుల్లో ఎవరిని పెడితే బాగుంటుందని అడిగావు. గీత బాగా కుదిరింది, స్టార్మ్ నిలబడ్డ తీరు మరీ బాగుంది. అయితే పేర్లు వెతకడంతో మొదలుపెట్టకు తల్లీ. ఈ ఏడుగురూ కలిసినా చెయ్యలేక చేతులెత్తేసే పని ఏదో ముందు కనిపెట్టు. ఆ పని చెయ్యగలిగినవాళ్ళకే ఆ చోటు. ఎవరి బలం ఎంత, ఎవరి దుస్తులు ఎంత బాగున్నాయి అన్నవి తర్వాతి సంగతులు.

ఎక్స్‌మెన్ బతికిందే అలా. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టిన ఆ పుస్తకం అమ్మకాలు లేక, 1970 నుంచి పాత కథలనే తిరిగి అచ్చువేస్తూ ఈడ్చుకొచ్చింది. పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్లు ఏ దేశంలోనైనా పుట్టవచ్చని కథ చెబుతుంటే, మొదటి జట్టులో ఉన్న ఐదుగురూ అమెరికా పిల్లలే. అదీ లోటు. 1975లో లెన్ వీన్ రచనతో, డేవ్ కాక్రమ్ బొమ్మలతో వచ్చిన ప్రత్యేక సంచికలో కెన్యా నుంచి స్టార్మ్, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్, రష్యా నుంచి కొలోసస్ వచ్చి చేరారు. పాఠకులకు వాళ్ళు అదే మొదటిసారి కనబడటం. నీ కాగితం మీద నట్టనడుమ నిలబెట్టిన వుల్వరిన్ కూడా అంతకు ఏడాది ముందు హల్క్ కథలో తలపడి వెళ్ళిన కెనడా మనిషి మాత్రమే. ఆ తర్వాత క్రిస్ క్లేర్‌మాంట్ కలం పట్టి 1991 దాకా వాళ్ళ కథలే రాశాడు.

మీ క్లాసులో ఓటింగ్ పెడతానన్నావు. వద్దు. ఎక్స్‌మెన్‌ను ప్రచురించే మార్వెల్ వాళ్ళు 2021లో ఆ పని చేశారు. జట్టులో చివరి చోటుకు పదిమందిని నిలబెట్టి పాఠకులను ఓటెయ్యమంటే పొలారిస్ గెలిచింది. మరుసటి ఏడు ఫైర్‌స్టార్, 2023లో జగ్గర్‌నాట్. పొలారిస్ 1968 నాటిది, జగ్గర్‌నాట్ 1965 నాటివాడు. ఫైర్‌స్టార్‌ను 1981లోనే టీవీ కార్టూన్‌లో పిల్లలంతా చూశారు. ఓటు తెలిసిన ముఖానికే పడుతుంది. తెలియని మనిషిని ఎంచి తెచ్చే బాధ్యత బొమ్మ వేసేవాళ్ళది, కథ రాసేవాళ్ళది.

ఇక నా ఎంపిక. ట్రైనరీ. మా ఊరి పిల్ల, బెంగళూరు పిల్ల. 2018లో టామ్ టేలర్ రాసి, మహ్మూద్ అస్రార్ బొమ్మలు వేసిన ఎక్స్‌మెన్ రెడ్‌లో వచ్చింది. యంత్రాలు ఆమె మనసుకు లొంగుతాయి. ఒకే పని చేసే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ జీతాల్లో తేడా ఎందుకుండాలని కడుపు మండి, బ్యాంకుల కంప్యూటర్లలో దూరి ఆ లెక్కను తనే సరిచేసింది. దాంతో జైలుపాలైంది. జీన్ గ్రే తన జట్టును తీసుకుని వచ్చి ఆమెను విడిపించింది.

ఆమెకోసం అంతదూరం ఎందుకొచ్చారో చూడు, నీకు కావలసిన పాఠం అక్కడుంది. ఆ కథలో శత్రువు కసాండ్రా నోవా. కంటికి ఆనని యంత్రాలను మనుషుల తలల్లోకి ఎక్కించి, మ్యూటెంట్ల మీద ద్వేషం నూరిపోస్తుంది. జీన్ గ్రే మీద హత్యానేరం వేయించి, లోకమంతా ఆమెను అసహ్యించుకునేలా చేస్తుంది. వుల్వరిన్ గోళ్ళు ఆ ద్వేషాన్ని చీల్చలేవు. సముద్రాన్ని ఏలే నేమోర్ పక్కనున్నా లాభం లేదు. అబద్ధం పాకుతున్న తీగ వెంట వెళ్ళి దాని మూలం పట్టగల మనిషి కావాలి. ట్రైనరీ లేకపోతే ఆ కథ ముందుకు కదలదు. జట్టులో చోటు దక్కిందంటే అలా దక్కాలి.

ఇంకో సంగతి కూడా గమనించు. మన దేశపు వీరుడనగానే యోగి, మంత్రం, పులి, పాము అన్న అచ్చు బయటివాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. బెంగళూరు అనగానే కంప్యూటర్ అనడం కూడా ఒక అచ్చే, కాదనను. ట్రైనరీ ఆ అచ్చులో చిక్కుకోకుండా బయటపడింది జీతాల మీద కోపం వల్ల. ఆ కోపం ఇక్కడి ఆఫీసుల్లో, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఏ అమ్మాయికైనా అర్థమవుతుంది. కానీ ఎక్స్‌మెన్ రెడ్ పదకొండు సంచికలతో ఆగింది. తర్వాత 2021లో ఎక్స్‌కార్ప్‌లో కనిపించింది, అదీ ఐదు సంచికల ముచ్చటే. ఇంత పదునైన పాత్రకు ఇది చాలా తక్కువ.

నువ్వు అనుకున్న రెండు పేర్లలో మొదటిది, పవిత్ర్ ప్రభాకర్ సంగతి వేరు. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్‌లతో కలిసి బెంగళూరు చిత్రకారుడు జీవన్ కాంగ్ సృష్టించిన భారతీయ స్పైడర్‌మ్యాన్ అతను. స్కాలర్‌షిప్ మీద పల్లె నుంచి బొంబాయి వచ్చిన కుర్రాడు. పంచెకట్టుతో భవనాల మీద ఎగురుతుంటే ఆ బొమ్మలు ఇప్పటికీ కళ్ళకింపుగా ఉంటాయి. కథ మాత్రం పీటర్ పార్కర్‌దే, పేర్లు మారాయి. పీటర్ పెద్దమ్మ మే ఇక్కడ మాయ అయింది, పెదనాన్న బెన్ భీమ్ అయ్యాడు. నాలుగు సంచికలతో ముగిసింది. 2023లో వచ్చిన యానిమేషన్ సినిమాలో అతనికి అసలైన పని దొరికింది. ప్రతి స్పైడర్‌మ్యాన్ జీవితంలోనూ తప్పదని పెద్దలు తేల్చిన చావు అతని కళ్ళముందే తప్పిపోతుంది. ఆ విధి నిజంగా విధేనా అన్న ప్రశ్నకు అతనే ఆధారమయ్యాడు. పాత్ర అదే, చోటు మారింది, విలువ పెరిగింది.

నీ రెండో పేరు ప్రియ. న్యూయార్క్‌లో ఉంటున్న మన తెలుగువాడు రామ్ దేవినేని 2014లో ‘ప్రియాస్ శక్తి’తో తెచ్చిన పాత్ర. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తర్వాత పుట్టిన కథ అది. అత్యాచారానికి గురైన ప్రియను ఇంట్లోవాళ్ళే తప్పుపడితే, పార్వతి అండతో పులినెక్కి తిరిగొస్తుంది. నాకు ఆమె అంటే ఎంతో గౌరవం. అందుకే ఆమెను ఏ జట్టులోనూ పెట్టొద్దంటాను. ఆమె చేసేది యుద్ధం కాదు, నోరు నొక్కుకున్న ఆడవాళ్ళ చేత మాట్లాడించడం. కండలు తిరిగిన ఏడుగురి మధ్య నిలబెడితే ఆమె చిన్నదైపోతుంది. ఆమెకు వేరే పుస్తకం వెయ్యి, అంత తెగువ నీకుంది.

ఎనిమిదో చోటు ట్రైనరీకి ఇయ్యి. ఇచ్చే ముందు ఒక్క పేజీ కథ వేసి పంపు. ఆ పేజీలో నీ ఏడుగురూ ఓడిపోవాలి, ఎందుకు ఓడారో మాటలు చదవకుండా బొమ్మల్లోనే తెలియాలి. వచ్చే నెల సెలవులకు వస్తావుగా, ఆ పేజీ పట్టుకుని రా. చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపులకు వెళ్ళి పాత సంచికలు వెతుకుదాం.

ఇట్లు,
పెదమావయ్య