లావు చూసి నిఘంటువు కొనకండి

ప్రశ్న: ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికా వెళ్తున్నాను. ఆఫ్రికాన్స్ నేర్చుకోవడానికి ఎలాంటి నిఘంటువు మంచిది? – ఒక పాఠకురాలు, బిట్రగుంట

జవాబు: ఇంగ్లీషు మీదుగానే వెళ్లండమ్మా, కానీ లావు చూసి కొనకండి. లావు కన్నా ఏ కాలపు భాష కోసం రాసిందన్నది ముఖ్యం. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులనే చూడండి: పాత కావ్యాలు చదివేవారికి బ్రౌన్ 1852 నిఘంటువు ఇప్పటికీ దిక్కే. నేటి వాడుక తెలుగుకు మాత్రం 1991 నాటి గ్విన్ నిఘంటువే అక్కరకొస్తుంది. 1925లో అధికార భాషైన ఆఫ్రికాన్స్‌కూ అంతే, కొత్త ముద్రణే చూడండి. ఆ భాషలో నామవాచకాలకు లింగభేదం లేదు, క్రియలు పురుషను బట్టి మారవు. అసలు చిక్కు బహువచనంలో ఉంది. చాలా మాటల స్పెల్లింగే మారిపోతుంది. అందుకే బహువచన రూపాలు, ఉదాహరణ వాక్యాలు లేని పుస్తకం ఎంత చవకైనా వద్దు. ఫోన్‌లో అనువాదం చాలదా అంటారేమో. అది తరచూ ఒక మాటకు ఒక మాట ఇచ్చి ఊరుకుంటుంది, ఏది ఎక్కడ వాడాలో అన్నిసార్లూ చెప్పదు. ఫారోస్ సంస్థ వేసిన ఆఫ్రికాన్స్–ఇంగ్లీషు నిఘంటువుతో మొదలుపెట్టండి.