సమభాగస్వామ్యమే పెట్టుబడి

1959 మార్చి 15న నాటి బొంబాయి నగరంలోని గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గుజరాతీ గృహిణులు ఒక పాత భవనపు మేడపై అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. పెట్టుబడి అప్పుగా తెచ్చిన 80 రూపాయలు; మొదటి రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. నష్టం వచ్చినా విరాళాలు యాచించరాదని వారు ఆనాడే నిశ్చయించుకొన్నారు. ‘లిజ్జత్’ అప్పడాల సంస్థకు అదే పునాది.

ఈ సంస్థలో పనిచేసే ప్రతి స్త్రీయు సభ్యురాలే, భాగస్వామియే. సభ్యులు పరస్పరం ‘బెన్’, అనగా సోదరి, అని పిలుచుకొంటారు. ఉదయం శాఖలో కలిపిన పిండిని ఇంటికి కొనిపోయి, అప్పడాలు ఒత్తి ఆరబెట్టి, మరునాడు అప్పగించి మజూరీ పొందుతారు. లాభనష్టాలు అందరివీ. ఒక ఇంట శుచి లోపించినచో సంస్థ పేరు చెడుతుంది, ఆ నష్టం వేలాది ఇళ్లకు సోకుతుంది. ఈ ఎరుకయే నాణ్యతకు కాపు.

1966లో ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్ గుర్తింపు లభించింది. క్రమంగా శాఖలు పలు రాష్ట్రాలకు విస్తరించాయి. సభ్యుల సంఖ్య 40,000 దాటింది. కులమత భేదం లేకుండా స్త్రీలందరికీ ఇందులో ప్రవేశం ఉంది. స్థాపక సభ్యురాలు జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ పురస్కారం ప్రకటింపబడింది.

తొలినాటి 80 రూపాయలు అప్పుగా దొరికాయి. పరస్పర విశ్వాసాన్ని మాత్రం ఆ సోదరీమణులు తామే సమకూర్చుకొన్నారు.