'డిగ్నిటాస్' అంటే ఏమిటి?

విద్యార్థులారా, ఇంగ్లీషు పాఠాల్లో మీరు చదివే 'డిగ్నిటీ' లాటిన్ నామవాచకం 'డిగ్నిటాస్' నుంచి వచ్చింది. ఇది స్త్రీలింగం, షష్ఠిలో 'డిగ్నిటాటిస్' అవుతుంది. 'డిగ్నుస్' అంటే తగినవాడు. కనుక దీని మొదటి అర్థం యోగ్యత. రోమన్లకు అది పదవి వల్ల, వంశం వల్ల, చేసిన సేవ వల్ల వచ్చేది. పెరిగేది, తరిగేది కూడా. తన డిగ్నిటాస్ ప్రాణం కంటే ఎక్కువని జూలియస్ సీజరు రాసుకున్నాడు. బానిసకు అందులో వాటా లేదు.

మన 'గౌరవం' 'గురు' నుంచి పుట్టింది. గురు అంటే బరువైనది. లాటిన్‌లో దీనికి సరిజోడు 'గ్రావిటాస్'; గురు, గ్రావిస్ ఒకే మూలానికి చెందిన మాటలు. (ఈ చుట్టరికం నాకెంతో ముచ్చటగా తోస్తుంది.)

1949లో ఆమోదించిన మన రాజ్యాంగ పీఠికలోని 'డిగ్నిటీ'కి మనం వ్యక్తి గౌరవం అంటాం. సీజరు చెప్పినదానికి ఇది చాలా దూరం. పుట్టిన ప్రతివారికీ ఇది ఉంది.

మా గుణుపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు, ఉపకారవేతనం దరఖాస్తులో ఆదాయం గడి దగ్గర కలం ఆపేయడం చూస్తుంటాను. మార్కుల గడి పాత డిగ్నిటాస్‌ను, అంటే యోగ్యతను అడుగుతుంది. ఆదాయం గడి అవసరాన్ని అడుగుతుంది. పీఠికలో చెప్పిన గౌరవాన్ని ఆ రెండూ కొలవవు. తల్లిదండ్రులకు మనవి: ఆ గడి ఖాళీగా వదలకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి.