గట్టు మీద కాపురాలు

మన తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, పుష్పం తంగేడు, పక్షి పాలపిట్ట. ఈ మూడూ ఒక్కచోట కనిపించే స్థలం ఏది? అడవి అంటారేమో! మన పొలం గట్టే. (రాష్ట్ర జంతువైన జింకను మాత్రం అక్కడ వెతకకండి.)

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి చూసినవారికి పక్కనే ఉన్న రంగసముద్రం తెలుసు. అది ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో భాగం. మన పాలమూరు ప్రాంతంలో నీళ్లు వచ్చినచోట చెల్కలు వరిమళ్లయ్యాయి. మంచిదే. కాని ట్రాక్టరుకు అడ్డమని గట్లను సన్నగా చెక్కేశారు. మిగిలిన గట్ల మీద గడ్డిమందు కొడతారు, ఎండాకాలంలో నిప్పు పెడతారు. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. మరి అక్కడ కాపురమున్న జీవులు ఎక్కడికి పోవాలి?

పాలపిట్టనే తీసుకోండి. అది కొమ్మ మీదో, స్తంభం మీదో కూర్చుని నేలను కనిపెడుతుంది. మిడతో పేడపురుగో కదిలితే చాలు, దిగి పట్టేస్తుంది. గూడు మాత్రం చెట్టు తొర్రలో, మోడుబారిన తాటిమానులో పెడుతుంది. అంటే దానికి పురుగులున్న గడ్డీ కావాలి, ముసలి చెట్టూ కావాలి. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక పాలపిట్టల సంఖ్య సుమారు 30 శాతం తగ్గిందని చెప్పింది. దసరానాడు దాన్ని చూడాలనుకునే మనం మిగతా రోజుల్లో దాని ఇల్లు కూల్చుతున్నామన్నమాట.

కంటికి ఆనని మిత్రులు కూడా ఉన్నారు. ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి పురుగు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పత్తి కాయలను తొలిచే శనగపచ్చ పురుగు గుడ్డును వెతికి, అందులో తన గుడ్డు పెడుతుంది. లోపలి పిల్ల ఆ గుడ్డునే తిని పెరుగుతుంది. చివరకు గుడ్డులోంచి లద్దెపురుగు రాదు, మరో ట్రైకోగ్రామా వస్తుంది! ఈ రైతుమిత్రునికి పూల తేనె దొరికితే ఎక్కువ రోజులు బతుకుతుంది. ఒకే పంట ఉన్న మడిలో ఏడాది పొడుగునా పూలెక్కడివి? గట్టు మీద గడ్డిపూలు, తంగేడు ఉండాలి.

"గట్టుకు వదిలితే నేల పోదా?" అని మీ నాన్నగారు అడుగుతారు. లెక్క వేసి చూపించండి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అది చతురస్రమైతే భుజం సుమారు 64 మీటర్లు. చుట్టూ మీటరు వెడల్పు గట్టుకు సుమారు 250 చదరపు మీటర్లు, అంటే నూటికి 6 వంతులు పడుతుంది. గట్టు ఇరుగుపొరుగులకు ఉమ్మడి కనుక మన వాటా 3 వంతులే.

ఇంగ్లండులోని హిల్స్‌డెన్ అనే పెద్ద వ్యవసాయ క్షేత్రంలో శాస్త్రజ్ఞులు ఆరేళ్లు ఇదే పరీక్షించారు. కొన్నిచోట్ల మళ్ల అంచుల్లో నూటికి 8 వంతుల భూమిని పంట నుంచి తప్పించి పూలమొక్కలకూ పక్షుల మేతకూ వదిలారు. 2015లో ఫలితాలు ప్రకటించారు: మొత్తం దిగుబడి తగ్గలేదు, చిక్కుడు జాతి పంటకైతే పెరిగింది కూడా. అక్కడి వాన వేరు, పైరు వేరు. ఆ అంకెలను యథాతథంగా మనకు అంటించకూడదు. మనకు దగ్గర ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతం. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఒకే చేనులో జొన్న, కంది, అనుములు వంటి ఎన్నో పంటలు కలిపి వేస్తాయి. ఒకటి కోతకొస్తే మరొకటి పూతకొస్తుంది, పురుగులకూ పిట్టలకూ మేత తెగదు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

నీడకు పంట తగ్గుతుందన్న భయం మాత్రం నిజమే. అందుకే పెద్ద చెట్లు దూరదూరంగా, మధ్యలో తంగేడు వంటి పొదలు ఉంటే మేలు. తంగేడు గింజ పెంకు గట్టిది. వేడినీళ్లలో నానబెట్టి, తొలకరికి గట్టు మీద నాటండి.

ఈలోగా ఒక పని చేయండి. నాలుగు మీటర్ల తాడుతో మీటరు భుజం గల చతురస్రం పరవండి. గడ్డి ఉన్న గట్టు మీద ఒకచోట, కాల్చిన గట్టు మీద మరొకచోట. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, కనిపించిన మొక్కల రకాలు, పురుగుల రకాలు నోటుపుస్తకంలో రాయండి. పేర్లు తెలియకపోతే బొమ్మ గీయండి. మందు కొట్టిన రోజు వెళ్లొద్దు. పాముల భయం ఉంటుంది కనుక చెప్పులు వేసుకుని, పెద్దవారిని తోడు తీసుకుని వెళ్లండి. వానలు పడ్డాక నెలకోసారి అదే చోట మళ్లీ లెక్కించండి.