నకలు దారిలో ఎక్కడ ఆగింది?

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పేరు మీరు వినే ఉంటారు. 1972లో ఏర్పడిన ఈ పరిశోధనా సంస్థ చలిగదుల్లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలు లక్షకు పైగా భద్రంగా ఉన్నాయి. అయినా శాస్త్రజ్ఞులు అంతటితో ఊరుకోలేదు. ఆ గదులకే ప్రమాదం వస్తే? అందుకే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తన భాండాగారానికి నకళ్లు పంపారు.

కంప్యూటర్లలోని సమాచారానికీ ఇదే పద్ధతి. దీన్ని బ్యాకప్ అంటారు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి కదా! ప్రతి బ్యాచి మందూ ఏ రోజు, ఏ ముడిపదార్థాలతో తయారైందో, పరీక్షల్లో ఏం తేలిందో రికార్డు ఉండాలి. ఎక్కడో ఒక రోగికి మందు వికటించిందని కబురొస్తే, మొదట వెతికేది ఆ రికార్డునే.

అలాంటి ఫ్యాక్టరీ ఒకటి ఊహించుకుందాం. అసలు సర్వరు పటాన్‌చెరులో ఉంది, నకళ్లు దాచే సర్వరు సంగారెడ్డిలో ఉంది. రాత్రి ఒంటిగంటకు బ్యాకప్ ప్రోగ్రాము తనంతట తానే మొదలవుతుంది. తెల్లారి చూస్తే తెరమీద కనెక్షన్ ఎర్రర్! చాలామంది వెంటనే సర్వరును ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. నాడి చూడకుండా సూది వేయడం లాంటిదే ఇది. ముందు ఆ ఎర్రరును పూర్తిగా చదవాలి.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి ముందు మూడు చిన్న సందేశాలు నడుస్తాయి. "మాట్లాడవచ్చా?" అని ఒకటి అడుగుతుంది. "సరే, నా మాట వినిపిస్తోందా?" అని రెండోది అంటుంది. "వినిపిస్తోంది" అని మొదటిది జవాబిస్తుంది. టి.సి.పి. అనే ఈ నియమావళి 1981లో ప్రమాణంగా వెలువడింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. సందేశం చేరడానికి ఐ.పి. చిరునామాతోపాటు పోర్టు నంబరూ కావాలి. చిరునామా భవనం అయితే, పోర్టు అందులోని గది. ఉదాహరణకు ఆర్‌సింక్ అనే నకలు ప్రోగ్రాము గది 873.

ఇప్పుడు ఎర్రర్లు చూద్దాం. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వస్తే విచారించనక్కర లేదు, అది సగం మంచివార్తే! సంగారెడ్డి భవనం దాకా దారి బాగానే ఉంది. ఆ గదిలో వినేవారు లేరు, అంతే. సాధారణంగా అక్కడి బ్యాకప్ ప్రోగ్రాము ఆగిపోయి ఉంటుంది, లేదా పోర్టు నంబరు తప్పుపడి ఉంటుంది. "టైమ్‌డ్ అవుట్" అంటే మాత్రం అవతలినుంచి ఉలుకూ పలుకూ లేదు. రోడ్డు తవ్వకంలో కేబులు తెగిందేమో, అవతలి సర్వరుకు కరెంటు పోయిందేమో, ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రాము సందేశాన్ని చడీచప్పుడు లేకుండా పారేస్తోందేమో చూడాలి. పేరే దొరకలేదని ఎర్రరు వస్తే, పేరును చిరునామాగా మార్చే డి.ఎన్.ఎస్. దగ్గర వెతకాలి.

అన్నింటికంటె చికాకు పెట్టేది మరొకటుంది. కనెక్షన్ కుదురుతుంది, గంట తర్వాత తెగిపోతుంది! ఎందుకో ఆలోచించారా? బ్యాకప్ ప్రోగ్రాము లక్షల ఫైళ్లలో ఏవి మారాయో వెతుకుతూ, అంతసేపూ అవతలికి ఏమీ పంపదు. చాలా ఫైర్‌వాళ్లు గంటసేపు, కొన్ని అంతకంటె తక్కువ సేపు, మాటలు లేని కనెక్షన్‌ను మరిచిపోతాయి. "ఉన్నావా?" అని మధ్యమధ్య పలకరించే ఏర్పాటు లేకపోలేదు. కాని లినక్స్‌లో అది మామూలుగా 7,200 సెకన్ల తర్వాతగాని మొదలు కాదు. అంటే రెండు గంటలు! అప్పటికి కనెక్షన్ పోయి గంటవుతుంది. ఆ అంకెను 300కు తగ్గించి, పలకరింపు వాడమని ప్రోగ్రాముకు చెబితే చాలు.

అవతలి కంప్యూటరు పలుకుతోందో లేదో చూసే పింగ్ అనే పనిముట్టును 1983 డిసెంబరులో అమెరికాకు చెందిన మైక్ మూస్ రాశాడు. జలాంతర్గాములను పట్టే సోనార్ చప్పుడే ఆ పేరు. పింగ్‌కు జవాబొస్తే భవనం ఉన్నట్టు తెలుస్తుంది, గది తెరిచి ఉందో లేదో తెలియదు.

మీ బడి కంప్యూటరు గదిలో టీచరుగారి అనుమతితో విండోస్ కంప్యూటరునుంచి పక్క కంప్యూటరుకు పింగ్ పంపండి. తర్వాత పక్కదాని నెట్‌వర్కు కేబులు తీసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ పంపండి. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని రావచ్చు. వస్తే ఆ వాక్యంలో ఉన్న ఐ.పి. చిరునామా ఎవరిదో చూడండి. పక్క కంప్యూటరుది కాదు, మీదే!